పది పేపర్లు, ఒక శుభలేఖ కవరు: నా ప్రొఫెసర్ ప్రమోషన్ అనుభవం

అప్లికేషన్ పెట్టింది 2025 జనవరి 20న. ఆర్డరు మీద తేదీ నవంబరు 28. కాగితం నా చేతికొచ్చింది డిసెంబరు 3న. ఈ పది నెలల్లో నేను నేర్చుకున్నవాటిలో సగం ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు కనీసం రెండు నెలలు కలిసొచ్చేవి. అందుకే గుర్తున్నంత వరకు వరసగా రాస్తున్నాను. ప్రోగ్రామింగ్ ఎలా నేర్పాలన్న దాని మీద రీసెర్చ్ చేస్తున్నవాళ్ళకి ఇది ఎక్కువ పనికొస్తుంది. ఎందుకంటే మన పని ఆ ఫారంలో ఏ గడిలోనూ సరిగ్గా ఇమడదు.

నేను గోదావరి జిల్లాల్లో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ అసోసియేట్ ప్రొఫెసర్ని. నా పీహెచ్‌డీ, ఆ తర్వాతి పని అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు మొదటి సెమిస్టర్ సీ లాంగ్వేజ్‌లో సరిగ్గా ఎక్కడ జారిపడుతున్నారు? అసోసియేట్ ప్రొఫెసర్ జీతం లెవెల్ అయిన 13ఏలో మూడేళ్ళు 2024 డిసెంబరుకి పూర్తయ్యాయి. ప్రొఫెసర్ లెవెల్ 14కి వెళ్ళాలంటే 2018 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల ప్రకారం కనీసం 10 జర్నల్ పేపర్లు, 110 రీసెర్చ్ స్కోరు చూపించాలి.

110 అంకె చూడగానే నాకు నవ్వొచ్చింది. మా రంగంలో అందరికీ తెలిసిన మెక్‌క్రాకెన్ బృందం అధ్యయనం 2001లో వచ్చింది. మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు పూర్తయిన పిల్లలకి నాలుగు యూనివర్సిటీల్లో పరీక్ష పెడితే 110కి సగటున 22.89 మార్కులొచ్చాయి. ఇరవై ఏళ్ళుగా ఆ 22.89 గురించే చర్చించుకున్నాం. ఇప్పుడు 110కి నాకెన్నో చూసుకోవాల్సి వచ్చింది.

జనవరిలో స్టాఫ్‌రూం అంతా ఒకటే గోల. 6వ తేదీన యూజీసీ కొత్త నిబంధనల ముసాయిదా బయటపెట్టింది. అందులో స్కోర్ల లెక్క ఎత్తేసి, తొమ్మిది రకాల సేవల్లో నాలుగు చూపిస్తే చాలన్నారు. కొత్త తరహా బోధన, భారతీయ భాషల్లో బోధన రెండూ ఆ తొమ్మిదిలో ఉన్నాయి. "మేడమ్, మీకోసమే రాసినట్టుంది, ఆగండి" అన్నారు ఫిజిక్స్ సార్. "ముసాయిదాని నమ్ముకుని ఎవరైనా ఆగుతారా?" అన్నారు మావారు. ఆయన బ్యాంకులో పనిచేస్తారు, సర్క్యులర్ల సంగతి నాకంటే బాగా తెలుసు. ఆగకుండా పాత పద్ధతిలోనే వేసేశాను.

మొదటి దెబ్బ పేరు దగ్గర తగిలింది. పెళ్ళికి ముందు రాసిన పేపర్లలో పుట్టింటి పేరు, తర్వాతి వాటిలో అత్తింటి పేరు. ఒక జర్నల్ ఇంటిపేరుని మొదటి అక్షరానికి కుదించి, నా పేరునే ఇంటిపేరు చేసేసింది. విదేశీ సదస్సు వాళ్ళు అన్నీ తిరగేసి ఇంకో రకంగా వేశారు. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుందన్న సంగతి వాళ్ళ సాఫ్ట్‌వేర్‌కి తెలియదు కదా. రీసెర్చ్ పేపర్ల డేటాబేస్ స్కోపస్‌లో వెతికితే నేను ముగ్గురు మనుషులుగా కనిపించాను. ఒకరికి ఆరు పేపర్లు, ఒకరికి మూడు, ఇంకొకరికి ఒకటి. ముగ్గురినీ ఒకటి చెయ్యమని ఫిబ్రవరి 2న రిక్వెస్ట్ పెడితే మూడు వారాలు పట్టింది. దీనికి డబ్బేమీ తీసుకోరు. కానీ మన కమిటీకి అది చాలదు, "ఈ ముగ్గురూ నేనే" అని నోటరీ అఫిడవిట్ కావాలన్నారు. స్టాంపు పేపరుతో కలిపి 400 అయింది. ఇప్పుడే పీహెచ్‌డీలో చేరిన అమ్మాయిలకి ఒక్క మాట: మొదటి పేపర్ పంపే రోజే ఆర్కిడ్ అనే రీసెర్చర్ గుర్తింపు నంబరు తీసుకోండి. ఆ పదహారంకెల నంబరు పెళ్ళయినా మారదు.

పేపర్ల సంగతి. నా దగ్గర 11 జర్నల్ పేపర్లున్నాయి. అందులో 2016 నాటిది ఒకటుంది. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ రాస్తాను. వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ చూసి, 2,500 రూపాయలు కట్టి, అయిదు రోజుల్లో అచ్చు వేయించుకున్న పేపర్ అది. రివ్యూ అంటూ వచ్చింది ఒకే ఒక్క వాక్యం, దాని నిండా స్పెల్లింగ్ తప్పులే. ఆ జర్నల్ వెబ్‌సైట్ ఇప్పుడు తెరుచుకోదు. దాన్ని లిస్టులోంచి నేనే తీసేశాను. పోగా మిగిలినవి సరిగ్గా పది. ఒక్కటి తగ్గినా మళ్ళీ మొదటికే.

ఎనిమిదేళ్ళలో పది పేపర్లంటే పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళు జాలిగా చూస్తారు. మా ప్రయోగానికి ముడిసరుకు మొదటి సెమిస్టర్ పిల్లలు. వాళ్ళు ఏడాదికి ఒకసారే వస్తారు. ఈ ఏడాది ప్రశ్న సరిగ్గా వెయ్యకపోతే మళ్ళీ జూలై దాకా ఆగాలి. ఏ సెక్షన్‌కి కొత్త పద్ధతి, బీ సెక్షన్‌కి పాతది అని విడదీస్తే బీ సెక్షన్ పిల్లల తల్లిదండ్రులకి ఏం చెప్పాలి? అందుకని సెమిస్టర్ మధ్యలో రెండు సెక్షన్లకీ పద్ధతులు మార్చి నేర్పాను. దాంతో లెక్కలు ఇంకా చిక్కయ్యాయి, పేపర్ ఇంకా ఆలస్యమైంది.

ఫిబ్రవరి 11న యూజీసీ, తను ఆమోదించిన జర్నళ్ళ జాబితా అయిన కేర్ లిస్టుని ఎత్తేసింది. కాలేజీకి వెళ్ళేసరికి గ్రూపులో అందరూ పండగ చేసుకుంటున్నారు. నాకు మాత్రం గుండె జారిపోయింది. నా 2021 పేపర్ కేర్ లిస్టులో ఉన్న జర్నల్‌లోనే వచ్చింది. కానీ అచ్చయిన నెలలో అది లిస్టులో ఉందని రుజువు చూపించమంటారు. నేనేమో ఆ రోజు స్క్రీన్‌షాట్ తీసుకోలేదు. ఎందుకు తీసుకుంటాను? లిస్టు ఎక్కడికి పోతుంది అనుకున్నాను. ఎడిటర్‌కి మెయిల్ పెట్టాను. పదో రోజు గుర్తుచేశాను. ఆ తర్వాత ఎప్పటికో జవాబొచ్చింది, అదీ లెటర్‌హెడ్ లేకుండా. చివరికి కాపాడింది మా లైబ్రేరియన్ గారు. కాలేజీలకి గ్రేడు ఇచ్చే నాక్ బృందం విజిట్ కోసం మూడు నెలలకోసారి లిస్టు మొత్తం డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకునే అలవాటు ఆవిడకి. బీరువా తాళం తీసి, రబ్బర్ బ్యాండ్ చుట్టిన పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టి, "ఇదిగో అమ్మా, మీ పేపరు. ముందు టీ తాగు" అంది. ఆ పూట ఆ టీ గొంతు దిగడానికి కాస్త టైం పట్టింది.

మార్చి 4న కాలేజీలో నాణ్యత చూసే విభాగం ఐక్యూఏసీకి ఫైలు ఇచ్చాను. 240 పేజీలు, అయిదు సెట్లు. 19న తొమ్మిది అభ్యంతరాలతో వెనక్కొచ్చింది. వాటిలో ఏడు సంతకాలు, సీళ్ళు, పేజీ నంబర్ల గొడవలే. ఎనిమిదోది చెప్పి తీరాలి. ఒక జర్నల్లోని పేపర్లని సగటున ఎన్నిసార్లు ఇతరులు ప్రస్తావించారో చెప్పే అంకె ఇంపాక్ట్ ఫ్యాక్టర్. అది ఉన్న నా రెండు పేపర్లకి జతచేసిన కాగితం మీద, ఆ అంకెలు ఇచ్చే సంస్థ పేరు క్లారివేట్ అని ఉంది. నిబంధనల్లో థామ్సన్ రాయిటర్స్ లిస్టు ప్రకారం అని రాసి ఉంది. "మేడమ్, పేరు టాలీ అవ్వట్లేదు" అన్నారు సూపరింటెండెంట్ గారు. థామ్సన్ రాయిటర్స్ ఆ వ్యాపారాన్ని 2016లోనే అమ్మేసిందనీ, 2018లో నిబంధనలు రాసినవాళ్ళు పాత పేరే ఉంచేశారనీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "మీరు చెప్పేది నిజమే అయ్యుంటుంది. అదే ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి" అన్నారు. ఇచ్చాను.

తొమ్మిదో అభ్యంతరంతో నా నిద్ర ఎగిరిపోయింది. పట్టికలో సైన్స్ పేపర్‌కి 8 మార్కులు. దాని కింద నోట్‌లో, ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని బట్టి స్కోరు పెరుగుతుందని ఉంది: రిఫరీడ్ (నిపుణులు పరిశీలించే) జర్నలై ఉండి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేకపోతే 5, ఒకటి లోపు ఉంటే 10, ఒకటి నుంచి రెండు మధ్య 15, రెండు నుంచి అయిదు మధ్య 20, అలా పైకి. ఈ 5ని 8కి కలపాలా, లేక 8 తీసేసి 5 వెయ్యాలా? నేను కలిపాను. పెరుగుతుందని రాశాక 8 కాస్తా 5 ఎలా అవుతుంది? మా ఆఫీసు తీసేసి వేసింది.

నా పేపర్లన్నీ ఇద్దరు కలిసి రాసినవే, కాబట్టి ఒక్కొక్కరికి 70 శాతం. కలిపితే: ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేని ఎనిమిదింటికి 13 చొప్పున, అందులో 70 శాతం, 72.8. ఉన్న రెండింటికి 16.1, 19.6. మొత్తం 108.5. తీసేసి వేస్తే ఆ పది పేపర్లకే 52.5. మిగతా పద్దులు కలిపాక నా లెక్కలో 137.5, వాళ్ళ లెక్కలో 81.5. ఒక్క క్రియాపదం మీద 56 మార్కులు వేలాడుతున్నాయి. స్పష్టత కోరుతూ ఏప్రిల్ 9న పై ఆఫీసుకి కాలేజీ నుంచి ఉత్తరం వెళ్ళింది. జవాబు జూన్ 13న వచ్చింది: కలపాలి. రెండు వాక్యాల జవాబుకి రెండు నెలలు. ఆ రెండు నెలలూ రాత్రి రెండింటికి లేచి కాలిక్యులేటర్ నొక్కేదాన్ని. నొక్కినప్పుడల్లా 81.5 వచ్చేది. మావారు ఒక రాత్రి ఫోను లాక్కుని "అంకె మారదు, పడుకో" అన్నారు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. స్కోరు ఎంతున్నా ఆరు పద్దుల్లో కనీసం మూడింటి నుంచి రావాలి. నాకు పీహెచ్‌డీ విద్యార్థులు లేరు, ప్రాజెక్టు నిధుల్లేవు, పేటెంట్లు లేవు, పుస్తకాల్లేవు. పేపర్లు ఒక పద్దు, సదస్సులు రెండో పద్దు. సదస్సులకి అయినా ఎంతొస్తుంది? విదేశంలో చదివితే 7, ఇక్కడి అంతర్జాతీయ సదస్సుకి 5. మా రంగంలో పెద్ద పని చాలావరకు సదస్సుల్లోనే బయటికొస్తుంది. పార్సన్స్ పజిల్స్ అని మేమంతా వాడేవాటి మొదటి పేపర్‌ని న్యూజిలాండ్ ఒటాగో పాలిటెక్నిక్ వాళ్ళు డేల్ పార్సన్స్, ప్యాట్రీషియా హేడెన్ 2006లో ఒక సదస్సులోనే ప్రచురించారు. ప్రపంచమంతా వాడుతున్న ఆ ఆలోచనకి మన పట్టికలో దక్కేది 7 మార్కులు.

ఇక మూడో పద్దు నాకు మిగిలింది ఒక్కటే: ఐసీటీ (సమాచార సాంకేతికత) బోధన. అందులో మొదటి వరస, "నూతన బోధనా పద్ధతి రూపకల్పన: 5". కోర్సు రూపకల్పనకి 2. మొత్తం 7. నేను ఎనిమిదేళ్ళు చేసిన పని అచ్చంగా ఆ 5 మార్కుల వరసలో ఉంది. ఆ పద్దు లేకపోతే మిగతా 130.5 చెల్లవు. దానికి రుజువేంటని అడిగితే నా దగ్గర ఉన్నది ఒక శుభలేఖ కవరు.

అదేంటో చెప్తాను. పార్సన్స్ పజిల్ అంటే సరైన ప్రోగ్రాంని వరసలుగా కత్తిరించి కలిపేసి ఇస్తాం, పిల్లలు వరస పేర్చాలి. సింటాక్స్ (రాత నియమాల) భయం ఉండదు, సెమీకోలన్ మర్చిపోయే పని లేదు, ఆలోచించాల్సిందల్లా ఏది ముందు ఏది వెనక అనే. మధ్యలో ఒకటో రెండో తప్పుడు వరసలు కూడా కలుపుతాం. మా ల్యాబ్‌లో సిస్టమ్‌లు సగం పనిచేసేవి కావు కాబట్టి నేను కాగితం చీటీలు చేశాను. చీటీలు పెట్టడానికి మా చెల్లెలి పెళ్ళిలో మిగిలిపోయిన శుభలేఖ కవర్లు వాడాను. మూలలకి పసుపు ఇంకా ఉండేది. పిల్లలు వాటిని "పెళ్ళి ప్రోగ్రాములు" అనేవాళ్ళు.

నేను కలిపింది చిన్న విషయం. ప్రోగ్రాంలో a = b అని ఉన్న వరసని ఏ ఈక్వల్స్ బి అని చదివితే పిల్లలు లెక్కల్లో లాగా రెండూ సమానం అనుకుంటారు. తెలుగులో "బిలో ఉన్నది తీసి ఏలో పొయ్యి" అని కుడి నుంచి ఎడమకి చదివించాను. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి అది సహజంగా కుదురుతుంది. చీటీ పెట్టే ముందు పైకి చదవాలి, అంతే నియమం. మొదటి ఏడాది వెనక బెంచీ అమ్మాయి ఒకతి చీటీ పట్టుకుని చదివి, ఆగి, "మేడమ్, బిలోది ఏలో పోస్తే మరి ఏలోది ఏమైపోయింది?" అంది. నా రీసెర్చ్ అక్కడే మొదలైంది. కానీ ఆ ప్రశ్నని ఏ అనుబంధంలో జతచెయ్యాలో ఫారంలో లేదు.

రుజువుగా వేరే కాలేజీల వాళ్ళు ఈ పద్ధతి వాడుతున్నట్టు ఉత్తరాలు తెమ్మన్నారు. జూన్ చివర్లో ఎండలో బస్సెక్కాను. నా పాత విద్యార్థి ఒకతను ఏజెన్సీ దగ్గర పాలిటెక్నిక్‌లో లెక్చరర్. ఫోన్లో "వాడుతున్నాను మేడమ్" అన్నాడు గానీ, వెళ్ళి చూస్తే తెల్లబోయాను. చీటీలు నావి కావు. పైథాన్‌కి మార్చాడు. పైథాన్‌లో ఖాళీలు ముఖ్యం కాబట్టి చీటీలని మూడు పొడవుల్లో కత్తిరించాడు, ఎంత లోపలికి జరపాలో పొడవు చూస్తేనే తెలిసేట్టు. ఉదాహరణలన్నీ జీడిపిక్కల బస్తాల లెక్కలు. నాకు తట్టని ఆలోచన అది. "దీని మీద నా పేపర్ చూశావా?" అని అడిగాను. "పేపరా? దీని మీద పేపర్ కూడా రాశారా మేడమ్?" అన్నాడు.

ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని గూగుల్ స్కాలర్ తెరిచాను. నా సైటేషన్లు, అంటే ఇతరులు నా పేపర్లని ప్రస్తావించిన లెక్క, అక్కడ 61, స్కోపస్‌లో 19. ఎక్కువమంది ప్రస్తావించింది చీటీల పేపర్‌ని కాదు, దానికి ముందు నేను రాసిన సమీక్షా వ్యాసాన్ని. అదీ ఇంకో ఆరుగురితో కలిపి, బ్రాకెట్లో, ఒక్క వాక్యం చివర. నిజంగా నా పద్ధతి వాడి, మార్చి, మెరుగు చేసిన మనిషి నన్ను ఎక్కడా సైట్ చెయ్యలేదు. చెయ్యాలని అతనికి తెలియనే తెలియదు. కోపం రాలేదు. ఏమొచ్చిందో చెప్పలేను. ఉత్తరం మీద వాళ్ళ ప్రిన్సిపాల్ గారి సంతకం కావాలి. ఆయన సెలవులో ఉన్నారు. రెండు రోజులు అక్కడే ఉండి, అతని క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాను.

జూలై 8న స్క్రీనింగ్ కమిటీలో అరగంటలో అయిపోయింది. సెప్టెంబరు 17న ఇంటర్వ్యూ. పదింటికి రమ్మన్నారు, పిలిచింది మూడున్నరకి. తిండి, మంచినీళ్ళు వెంట తీసుకెళ్ళండి, చుట్టుపక్కల ఏమీ దొరకవు.

సబ్జెక్ట్ నిపుణులు మొదట అడిగింది "మీ హెచ్ ఇండెక్స్ ఎంత?" అని. పేపర్ల సంఖ్యనీ సైటేషన్లనీ కలిపి చూసే అంకె అది. పట్టికలో హెచ్ ఇండెక్స్‌కి గడే లేదు. సైటేషన్లకీ లేదు. అయినా అడుగుతారు, అంకె గుర్తుపెట్టుకుని వెళ్ళండి. "నాలుగు సార్" అన్నాను. ఆయన తల ఊపారు. ఏ అర్థంతో ఊపారో ఇప్పటికీ తెలియదు. కమిటీలో ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఉన్నారు. ఫైలు చివర్లో కవరు చూసి "ఇదేంటమ్మా, ఎవరి పెళ్ళి?" అంటూ తెరిచారు. నాలుగు చీటీలు టేబుల్ మీద పడ్డాయి. రెండు విలువలు అటూ ఇటూ మార్చే ప్రోగ్రాం. పేర్చమన్నాను. ఏ ఈక్వల్స్ బి పెట్టారు, దాని కింద బి ఈక్వల్స్ ఏ పెట్టారు. "అయిపోయింది. రెండు మిగిలాయేం?" అన్నారు. "సార్, ఒకసారి తెలుగులో పైకి చదవండి. బిలోది తీసి ఏలో పొయ్యండి." చదివారు. రెండో చీటీ దగ్గర ఆగిపోయారు. "ఓహో. ఇంకో బీకరు కావాలి కదా" అని మిగిలిన చీటీల్లోంచి టి ఈక్వల్స్ ఏ తీసి పైన పెట్టారు. బి ఈక్వల్స్ ఏ తీసేసి, దాని చోట బి ఈక్వల్స్ టి పెట్టారు. పక్కనున్న నిపుణులు వాచీ చూసుకున్నారు. తర్వాత నా మీద ఇంకో రెండు ప్రశ్నలు వేశారు, అవి గుర్తులేవు.

ఖర్చులు అడుగుతారు కాబట్టి: జిరాక్సులు, బైండింగులు రెండు విడతల్లో 4,350, అఫిడవిట్ 400, బస్సులు, ఆటోలు, లాడ్జి కలిపి 1,900, ఇంటర్వ్యూ రోజు కారు 3,200. మొత్తం 9,850. రసీదులు దాచుకోండి గానీ ఎవరూ ఇవ్వరు. ఎరియర్స్ బిల్లు ఇంకా ట్రెజరీకి వెళ్ళలేదు.

డిసెంబరు 3న ఆర్డరు తీసుకుంటూ, కవరు తిరిగిచ్చేయమని అడిగాను. మొదటి సెమిస్టర్ పిల్లలకి స్వాప్ (ఆ రెండు విలువల మార్పిడి) చెప్పడం ఇంకా మిగిలింది, నా దగ్గరున్న మంచి సెట్టు అదొక్కటే. "అది ఎన్‌క్లోజర్ నంబరు 47 మేడమ్, ఫైల్లోంచి తియ్యడానికి వీల్లేదు" అన్నారు. దారిలో స్టేషనరీ షాపులో కొత్త కవర్లు కొన్నాను. తెల్లవి, పసుపు లేనివి. ఆదివారం మా అమ్మాయి కత్తిరిస్తే నేను పేర్చాను. ఒక సెట్లో తప్పుడు చీటీ పెట్టడం మర్చిపోయాను, సోమవారం క్లాసులో ఒకడు "మేడమ్, మాకేమీ మిగల్లేదు" అని లేచి నిలబడ్డాడు.